అయిదు మీద బుడిపె

బోడుప్పల్,
సెప్టెంబరు 2013

తమ్ముడు నరేందర్‌కు,

ఫోన్ చేస్తే నీ గొంతు వినాల్సి వస్తుందని ఉత్తరం రాస్తున్నాను.

రాఖీ కట్టించుకుని, పళ్లెంలో అరచేయంత టచ్ ఫోన్ పెట్టావు. "బావా, గీ డబ్బా ఫోన్ ఇంకెన్ని దినాలు పట్టుకొని తిరుగుతవ్?" అంటూ పాతది తీసుకెళ్లి హబ్సిగూడ షాపులో ఎక్స్‌ఛేంజికి ఇచ్చేశావు. మమ్మల్ని ఒక్క మాట అడిగావా?

మీ బావకు చూపు పోయి ఆరేళ్లు. నాచారం బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ కూడా తడుముకునే చేస్తాడు. ఆ చిన్న ఫోన్‌లో అయిదు అంకె మీద బుడిపె తగిలితే చాలు, మిగతా అంకెలన్నీ ఆయన బొటనవేలే వెతుక్కునేది. నీ నున్నటి అద్దం మీద ఏ వేలికి ఏం తగులుతుంది?

మొన్న బంద్ అని బస్సును ఉప్పల్ రింగ్ రోడ్డులోనే ఆపేశారు. రెండు గంటలు వానలో నిలబడ్డాడు. నేను పదహారు సార్లు చేశాను. ఫోన్ చేతిలోనే మోగింది, ఎత్తడం ఆయనకు చేతకాలేదు. చివరికి ఎవరో తీసుకుని, "అక్కా, అన్న మస్తు తడిసిండు, జల్ది రా" అన్నాడు.

ఇంటికొచ్చాక మీ బావ ఏమన్నాడో తెలుసా? "నాకే వస్తలేదు. నరేందర్‌ను ఏమనకు."

ఆ మాటకే ఈ కాగితం తీసుకున్నాను.

నీ ఫోన్ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. కళ్లు మూసుకుని అందులోంచి నాకు ఫోన్ చెయ్యి. మోగిన రోజు మాట్లాడుకుందాం.

మీ అక్క