మీ ఫోను ఇంకెవరైనా చూస్తారా?

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాకు పెట్టిన మెసేజ్ బావ చదివిన రోజే నిన్ను పోగొట్టుకున్నాం. అంతకుముందే మెసేజ్‌లు దాచే యాప్ ఉందని చెబితే, "అది అడిగేవేవీ నాకు అర్థం కావట్లేదే" అన్నావు.

ఇప్పుడు అలాంటి యాప్‌కి మొదట్లో వచ్చే స్క్రీన్లు నేనే తయారుచేస్తున్నాను. నిన్న గిలకలదిండి రేవులో చేపలమ్మే లక్ష్మి అనే ఆవిడ చేత వాడించి చూశాను. "నోటిఫికేషన్లు చూపించాలా?" అన్నచోట ఆవిడ వేలు ఆగిపోయింది.

"అవునని నొక్కితే మా ఆయనకి కనబడతాయామ్మా?"

అక్కడే కూర్చుని ఆ ప్రశ్న తీసేసి, "మీ ఫోను ఇంకెవరైనా చూస్తారా?" అని పెట్టాను. చూస్తారని నొక్కితే చాలు, యాప్ దానంతటదే అన్నీ దాచేస్తుంది.

ఆవిడ నొక్కి, గుడివాడలో ఉన్న చెల్లెలికి మెసేజ్ పెట్టింది. అంతలో భర్త వచ్చి ఫోను లాక్కున్నాడు. అటూ ఇటూ వెతికి, ఏమీ కనబడక తిరిగిచ్చాడు. ఆవిడ అతని వెనకే వెళ్ళిపోయింది.

నేను దాచడం మరిచిపోయింది ఏదైనా ఉందేమోనని అన్నం సయించలేదు. పొద్దున్నే మళ్ళీ రేవుకి పరిగెత్తాను. ఆవిడ వేలంపాటలో గట్టిగా అరుస్తూ కనబడింది. నన్ను చూసి, పక్కనున్న భర్త వైపు చూసి, ఎవరో తెలియనట్టు తల తిప్పుకుంది.

నేనూ పలకరించకుండా వచ్చేశాను.

నీ చెల్లి