వెతికే యంత్రానికి వేసిన పక్క

అమ్మడికి, బాబాయి ఆశీస్సులు.

ఇక్కడ ముసురు వదల్లేదు. తడిగాలికి దూది విచ్చుకోవడం లేదు. పొద్దుటి నుంచి ఒక్క దిండు కుట్టాను, అదీ నాకే. వాన చప్పుడు వింటూ దాని మీదే కునుకు తీశాను. కలలో కొట్టు నిండా జనం. లేచి చూస్తే మీ పిన్ని.

పెద్ద వీధిలో స్పాంజి పరుపుల షోరూం పెట్టాక మన సందులోకి ఎవరూ తిరగడం లేదు. మన కొట్టున్న ఈ అద్దె గదిని గోదాముకి ఇమ్మని వాళ్ళు ఇంటావిడని అడిగారట. "వానలు వెనకబట్టేదాకా చూస్తా. అప్పటికీ నీ కొట్టు ఇలాగే పడుకుని ఉంటే ఇచ్చేస్తా" అందావిడ. నువ్వు పెట్టిన వెబ్‌సైటు ఏమైంది? మంగలి తన ఫోన్లో పరుపులని వెతికితే షోరూమే ముందొచ్చింది. బొటనవేలు నొప్పెట్టేదాకా కిందికి జరిపాడు. మనం రాలేదు.

ఇట్లు,
బాబాయి

తా.క. నువ్వు ఫోన్లో చెప్పేవి అర్థమైనట్టే ఉండి, పెట్టెయ్యగానే ఎగిరిపోతున్నాయి. కాగితం మీద రాయి.

—

బాబాయికి నమస్కారాలు.

వెతికే యంత్రం ఒకటి ఉంటుంది. అది లోకంలోని సైట్లన్నీ తిరిగి, పేజీలు చదివి గుర్తుపెట్టుకుంటుంది. ఎవరైనా ఏదైనా అడిగితే, ఆ సంగతి ఏ పేజీలో బాగుందో చూసి వరస కడుతుంది. జనం అడిగే మాటలు మన పేజీలో ఉండాలి. పదిమంది నమ్మే సైట్లు "అక్కడ చూడండి" అని మనవైపు చూపించాలి. మనకి రెండూ లేవు. పేజీ నువ్వు రాసి పంపు, నేను సైట్లోకి ఎక్కిస్తాను.

ఆఫీసులో నేను చేసేది ఈ పనే. కాకపోతే అక్కడ చేయించుకునేది ఆ షోరూంవాళ్ళే. అందుకని నా మాట బయటికి రానీకు.

ఉంటాను,
అమ్మడు

తా.క. కలలోంచి లేచి పిన్నిని చూసి నిరుత్సాహపడ్డానని పిన్నికి చెప్పలేదు కదా?

—

అమ్మడికి ఆశీస్సులు.

ఇదిగో పేజీ: "మంచి పరుపు కావాలంటే మా పరుపుల కొట్టులో పరుపులాయన కుట్టిన పరుపే పరుపు." చదువుతుంటే నిద్రొస్తోందని మీ పిన్ని అంది. మన సరుక్కి అది మంచి గుర్తే.

చూపించే పనీ అయింది. టీకొట్టు, సైకిలు షాపు, మంగలి షాపు తలుపుల మీద "పరుపులకి సందులోకి వెళ్ళండి" అని సుద్దతో రాయించాను. వాన కడిగినప్పుడల్లా మళ్ళీ రాస్తున్నాను.

ఆ తిరిగి చూసే ఆయన ఎప్పుడొస్తాడు? యంత్రమన్నావు గానీ, నడిపేవాడొకడు ఉండాలిగా. లోకమంతా తిరిగినవాడు అలిసిపోయి ఉంటాడు. కొత్త దూదితో పక్క వేసి ఉంచాను. గుమ్మంలో లైటు ఆర్పడం లేదు.

ఇట్లు,
బాబాయి

తా.క. మంగలి ఊరికే రాయనన్నాడు. పరుపు అంచు మీద "క్షవరానికి మూలమీద షాపు" అని కుట్టాల్సి వచ్చింది.

—

బాబాయికి నమస్కారాలు.

ఎవరూ రారు బాబాయ్. మనిషి కాదది. లైటు ఆర్పు.

ఒకే మాట అలా కూరితే యంత్రం మోసమనుకుని ఇంకా కిందికి తోస్తుంది. నువ్వు నాకు, నేను నీకు అనుకునే సిఫార్సులనీ లెక్కచెయ్యదు. చదివినవాళ్ళకి పనికొచ్చేది ఉండాలి. జనం ఎక్కువగా అడుగుతున్నది "పరుపు గుంట పడితే ఏం చెయ్యాలి?" అని. కొత్తది కొనమంటోంది షోరూం పేజీ. నీకు తెలిసింది నువ్వు రాయి, నాతో మాట్లాడినట్టు.

ఉంటాను,
అమ్మడు

తా.క. నీ వాక్యం దాచుకున్నాను. నిద్రపట్టనప్పుడు చదువుతున్నాను. పిన్ని మాట నిజమే.

—

అమ్మడికి ఆశీస్సులు.

రాశాను: "పరుపు గుంట పడితే కొత్తది కొనకండి. దూది చావలేదు, అణిగింది. కుట్లు విప్పి, ఎండ చూసి ఆరబెట్టి, పాయలుగా విడదీయండి. పట్టుకుంటే చేతిలో మబ్బు ఉన్నట్టుండాలి. పడుకునేది నడుం ఒక్కటే కాదు, పగలంతా తిరిగిన మనసు కూడా. దానికి కాస్త చోటు వదిలి కుట్టండి. చేతకాకపోతే పట్టుకురండి."

"అన్నీ చెప్పేస్తే ఇక నీ మొహం ఎవరు చూస్తారు?" అంది మీ పిన్ని. అదీ నిజమే. అయినా ఎక్కించు.

ఇట్లు,
బాబాయి

తా.క. ఒక పిల్లి వచ్చి ఆ పక్క మీద పడుకుంది. చెప్పలేం కదా, లేపలేదు.

—

బాబాయికి నమస్కారాలు.

మన పేజీ షోరూంని దాటి పైకొచ్చింది! ఇంటి పనుల గురించి రాసే పెద్ద సైట్లు కొన్ని, ఎవరూ అడక్కుండానే, మన పేజీని చూపించాయి. షోరూంవాళ్ళు మండిపడుతున్నారు. నీ కిటుకేమిటో కనుక్కోమని మా మేనేజరుని పంపుతున్నారు. కళ్ళజోడు, సన్నటి మనిషి. నా మాట ఎత్తకు.

ఉంటాను,
అమ్మడు

తా.క. పిల్లి కూడా కాదది.

—

అమ్మడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం ఇవాళ అందింది. ఆయన నిన్ననే వచ్చాడు.

"ఈ పేజీ ఎవరిది? పైకి ఎలా ఎక్కింది?" అన్నాడు. తిరిగి చూసే ఆయనే అనుకున్నాను. అలాంటివాళ్ళ దగ్గర దాచకూడదని, రాసింది నేను, ఎక్కించింది మా అన్నయ్య కూతురు అని నీ ఆఫీసు పేరుతో సహా చెప్పేశాను.

"ఇంకే కిటుకూ లేదా?" అన్నాడు.

"లేదండీ. మీకోసం పక్క మాత్రం వేశాం."

చూద్దామని కూర్చున్నాడు. కాసేపటికి వాలాడు. మీ పిన్ని కళ్ళజోడు తీసి గూట్లో పెట్టింది.

కొట్టులో గుమ్మం దాకా పాత పరుపులే. ఎవరికీ చేతకాలేదట, పట్టుకొచ్చారు. ఇంటావిడ వచ్చి, లోపలికి దారి లేక, తన పరుపు కిటికీలోంచి అందించింది. "గది ఇవ్వనని వాళ్ళకి చెప్పేశా. ముందు నాది విప్పు" అంది. ఆయన లేస్తాడని అందరం గుసగుసగానే మాట్లాడుకున్నాం. వాన కూడా చప్పుడు తగ్గించింది.

పొద్దున లేచి, ఎక్కడున్నదీ తెలియనట్టు చాలాసేపు దూలాల వైపు చూశాడు. షోరూంవాళ్ళు కానుకిచ్చిన పరుపు మీద ఏళ్ళ తరబడి సరిగ్గా నిద్రలేదట. ఒకటి కుట్టమన్నాడు. ఆ సంగతి నువ్వు ఆఫీసులో అనకూడదట, నీ సంగతి ఆయన అనడట.

ఇట్లు,
బాబాయి

తా.క. ఆయన ఇవాళ ఎండ వచ్చాక బస్సెక్కి వెళ్ళాడు.