సోని పెద్దమ్మ మీద విచారణ

బిషప్ గారి మేత్రాసన కార్యాలయం,
విశాఖపట్నం.

గౌరవనీయులైన ఫల్గుణ గారికి,

ప్రభువు కృప మీ ఇంటిమీద ఉండుగాక. మీ తల్లి కనక గారి అక్క సోని, మఠకన్యగా మారి, సిస్టర్ ఆగ్నెస్ అన్న పేరుతో సీలేరు వైపు కుష్ఠురోగులకు సేవచేసి కన్నుమూశారని మీకు తెలిసే ఉంటుంది. ఆవిడ జీవితంపై మేము విచారణ మొదలుపెట్టాం. సమాధి తెరిచి చూడాల్సి ఉంటుంది. ఆవిడ వస్తువులేమైనా మీ దగ్గరుంటే అప్పగించండి. చిన్ననాటి సంగతులకు కనక గారి సాక్ష్యం అవసరం.

ప్రభువునందు మీ
ఫాదర్ ఇన్నయ్య


అనంతగిరి మండలం.

ఫాదర్ బాబుగారికి కొండమీద నుంచి ఫల్గుణ దండాలు.

ఉత్తరం అందింది. మా ఊళ్లో సెల్లు పలకదు, మీరు కాయితం రాయడమే నయం. సోని మాకు పెద్దమ్మే గాని, ఆవిడ సేసిన పనులతో మాకేటీ సమ్మందం లేదు. పెళ్లి కుదిరాక సిస్టర్ల జీపెక్కి వెళిపోయిందట. ఆ పెళ్లికొడుక్కి మా అమ్మనిచ్చి సేసారు. ఆయనే మా నాన్న. ఇదంతా నేను పుట్టకముందు గొడవ, నన్ను ఇరికించకండి. వస్తువులు ఏటీ లేవు. సచ్చిపోయిన మనిషి మీద ఇప్పుడు కేసేటి బాబూ? సమాధి తవ్వేటంత పని ఏటి సేసింది? మా అమ్మ సాక్ష్యం సెప్పదు. అక్క పేరెత్తితే అన్నం ముందునుంచి లేచిపోద్ది.

ఇట్లు,
ఏ పాపం ఎరగని ఫల్గుణ

తా.క.: లైసెన్సు లేకుండా సూదిమందు ఏసిందన్నది మీ అనుమానమైతే, ఏయించుకున్నోళ్లెవరూ ఇంతవరకు ఫిర్యాదు సెయ్యలేదు.


విశాఖపట్నం.

ప్రియమైన ఫల్గుణ గారికి,

నేను సరిగ్గా రాయలేదు, మన్నించండి. ఇది కేసు కాదు. సిస్టర్ ఎంత మంచివారో రుజువు చేయడానికే విచారణ. అన్నీ కుదిరితే రోములో పోపుగారు ఆవిడను పునీతురాలిగా ప్రకటిస్తారు. అప్పుడు గుడుల్లో ఆవిడ స్వరూపం నిలబెడతారు. జనం ఆవిడ పేరున వేడుకుంటారు. ఆవిడ చిన్నతనం తెలిసినవారు మీ అమ్మగారు ఒక్కరే మిగిలారు. ఎలాగైనా నచ్చజెప్పండి.

ప్రభువునందు మీ
ఇన్నయ్య

తా.క.: సూదిమందు సంగతి నేను ఎక్కడా రాసుకోలేదు.


అనంతగిరి మండలం.

ఫాదర్ బాబుగారికి ఊరందరి దండాలు.

ఆ మాట ముందే సెప్పొచ్చు గదా. పెద్దమ్మ దేవతయిందని ఊరంతా సంబరపడిపోయింది. ఇంకా రోము దాకా ఎందుకని మేమే బేగి కానిచ్చేసాం. ముహూర్తాలు పెట్టే మా దిసారి మంచిరోజు సూసాడు. పనస సెట్టు కింద రాయి నిలబెట్టి, పసుపు రాసి, కోడిని కోసి, థింసా ఆడాం. మా ఊరి మంగ్లు తన ఆవు తప్పిపోతే మొక్కుకున్నాడు, సాయంత్రానికి దానంతటదే ఇంటికొచ్చేసింది. అమ్మ మాత్రం పండక్కి రాలేదు. మర్నాటినుంచి రోజూ పొద్దున్నే ఆ రాయి దగ్గరకెళ్లి పెద్దమ్మని తిట్టి వత్తంది.

ఇట్లు,
దేవత సెల్లెలి కొడుకు ఫల్గుణ

తా.క.: తమరి వాటా కోడిమాంసం పొయ్యి మీద పొగకి ఆరబెట్టి ఉంచాం. పోపుగారికి కూడా తియ్యాలా?


విశాఖపట్నం.

ఫల్గుణ గారూ,

ఆ రాయి వెంటనే తీసేయండి. పోపుగారు ప్రకటించేదాకా ఎవరూ ఆవిడకు బహిరంగంగా పూజ చేయకూడదు. చేశారని తేలితే ఫైలు అక్కడితో ఆగిపోతుంది. సరిగ్గా అది చూడటానికే మా పెద్ద ఫాదర్ వచ్చే వారం మీ ఊరు వస్తున్నారు. సీలేరు ప్రాజెక్టులో పనిచేసిన మా నాన్నను, కుష్ఠు సోకి ఇంట్లోవాళ్లే ముట్టుకోని రోజుల్లో, సిస్టర్ తన చేతులతో కడిగి కట్టుకట్టారు. అందుకే నాకీ ఆరాటం.

మీ
ఇన్నయ్య

తా.క.: ఆ మాంసం ఎవరికీ చూపించకండి.


అనంతగిరి మండలం.

ఫాదర్ బాబుగారికి దండాలు.

పెద్ద ఫాదరు వచ్చి వెళ్లారు. జరిగింది జరిగినట్టు రాత్తన్నాను.

రాయి తీద్దామని గునపం పట్టుకెళ్తే అమ్మ అడ్డంపడింది. "మా అక్కతో నా తగువు ఇంకా తేలనేదు. రాయి తీసేత్తే నేనెవరితో సెప్పుకోవాల?" అంది. ఇంక పసుపు మాత్రం కడిగేసి వదిలేసాం.

ఆయన జీపు దిగేసరికి అమ్మ అక్కడే కూకునుంది. ఈ రాయికి పూజలు సేత్తన్నారా అని ఆయన అడిగారు. నేను నోరు తెరిచేలోపే, పూజా, దీనికా అని అమ్మ మొదలెట్టింది. మా నాన్న తాగుడు, అత్త పెట్టిన ఆరళ్లు, తోడెవరూ లేకుండా కన్న కాన్పులు, అన్నిటికీ అక్కదే తప్పంది. "కరువు రోజుల్లో మా అక్క తన గంజి నాకు పోసి తను పస్తు పడుకునేది, నాకు అమ్మోరు పోస్తే ఊరంతా దూరం జరిగినా పక్కలోంచి లేవలేదు, అలాంటిది ఒక్క మాటైనా సెప్పకుండా ఎలా వెళిపోయిందో మీరే అడగండి" అని ఆయన్ని నిలదీసింది. అంతా అయ్యాక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అమ్మ ఏడవడం నేను ఎన్నడూ సూడలేదు.

ఆయన తల ఎత్తకుండా రాసుకుంటానే ఉన్నారు. ఆఖర్న మాకు సదివి వినిపించారు. ఇక్కడ పూజ జరగడం లేదని ఒకటి, చెల్లెలి సాక్ష్యం అందిందని ఇంకొకటి. అమ్మకి కోపమొచ్చింది. నేను సాక్ష్యం ఎప్పుడు సెప్పాను, తిట్టాను గదా అంది.

అన్నం తిని వెళ్లారు. కూర బాగుందన్నారు. ఏ కోడో అడగలేదు, నేను సెప్పలేదు.

ఇట్లు,
ఫల్గుణ

తా.క.: పెద్దమ్మ స్వరూపం సేయించేటప్పుడు ముక్కుకి మా ఆడోళ్లు పెట్టుకునే మూడు పుడకలూ పెట్టించమని అమ్మ గట్టిగా సెప్పమంది. అవి లేకపోతే వాళ్లక్కని గుర్తుపట్టనేదట.