ఆయన దవడలో పెట్టిన పొడి

జూన్ 9

ఈ రోజు మా క్లినిక్‌లో మా ఆయన పన్ను పీకేశారు. పైవరుసలో ముందు పన్ను, ఎడమది. పదేళ్ల కింద తాగి బండి మీంచి పడ్డప్పుడు విరిగిందే. అప్పుడు తొడుగు వేయించి నెట్టుకొచ్చాం. ఇప్పుడు వేరు నిలువునా చీలింది.

గుంతను ఊరికే వదిలేస్తే కొన్ని నెలల్లో అక్కడి ఎముక కరిగి లోపలికి కుంగిపోతుందట, తర్వాత స్క్రూ పన్ను బిగించడానికి చోటే ఉండదట. ఈ మాట డాక్టర్ మేడమ్ వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది. ఆయనకీ చెప్పింది. అందుకని గుంతలో ఎముక పొడి నింపి, మీద ఆయన నెత్తురుతోనే చేసిన పొర కప్పి కుట్టేసింది. నెత్తురు తీసింది నేనే. ఆయన చేతిలోంచి, నాలుగు ట్యూబులు. మిషన్‌లో పెట్టి తిప్పాను. పసుపుపచ్చగా తేలిన గడ్డను కింది ఎరుపు నుంచి కత్తిరించి, చిల్లుల డబ్బాలో నొక్కి పల్చటి పొర చేశాను. ఆరేళ్లుగా ఎంతమందికో చేశాను. ఇవ్వాళే చేతులు వణికాయి.

ఇంటి మనిషి కదా, ఉంటుంది అంది మేడమ్.

వణికింది అందుకు కాదు.

జూన్ 10

ఆ పొడి ఆవు ఎముకది.

జూన్ 11

రాసి రోజంతా అయింది. పుస్తకం బియ్యం డబ్బా వెనక పెట్టాను. దాచాల్సిన పని కూడా లేదు. ఆయన చదివింది రాజురా దగ్గర ఊళ్లో, మరాఠీ బడిలో. తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరం రాదు. నేను ఆసిఫాబాద్‌లో పదో తరగతి దాకా తెలుగులో చదువుకున్నాను కాబట్టి ఈ ఇంట్లో నాదంటూ ఒకటుంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మేడమ్ పక్క గదిలోకి పిలిచి చెప్పింది — ఈ పొడి ఆవు ఎముక నుంచి తీసింది, శుద్ధి చేసింది, బాగా నిలబడుతుంది. కొందరికి పట్టింపు ఉంటుంది. వద్దంటే ఫ్యాక్టరీలో తయారయ్యేది ఉంది, నాగపూర్ నుంచి తెప్పించాలి, నాలుగు రోజులు. మీ ఆయనే కదా, నువ్వే అడుగు అంది.

నేను బయటికొచ్చాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. మత్తు సూది అయింది, పెదవి ఒక పక్కకి జారింది. చొక్కా పై గుండీలు విప్పి ఉన్నాయి. మెడలో తులసి మాల.

ఫారం ఇంగ్లిషులో ఉంది. ఏముంది దీంట్లో అన్నట్టు కళ్లతో అడిగాడు. నీ నెత్తురుతో చేసిన పొర, కొంచెం మందు పొడి అన్నాను. మత్తు నోటితోనే అన్నాడు — "నువ్వున్నవ్ గద." సంతకం పెట్టాడు.

మేడమ్ అడిగింది, చెప్పావా అని. చెప్పాను అన్నాను.

జూన్ 12

ఎందుకు చెప్పలేదు? చెబితే లేచి వచ్చేసేవాడు. పొడీ వద్దు, పన్నూ వద్దు, దేవుడు ఉంచినన్ని చాలు అనేవాడు. గనిలో సెలవు దొరికింది ఆ ఒక్క రోజే. ఇవన్నీ నిజమే. ఇంకో నిజం ఏమిటంటే, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ ఒక్క క్షణం నా పని తొందరగా అయిపోవాలనుకున్నాను, అంతే.

మాల వేసుకుని ఎనిమిదేళ్లు. మాంసం లేదు, గుడ్డు లేదు. చుక్క లేదు. మెడలో వేస్తున్నప్పుడు గురువు మహరాజ్ అందరి ముందూ చెప్పాడు — నియమం తప్పిన రోజు నీ చేత్తో నువ్వే తీసి పక్కన పెట్టు. తెలిసి తప్పినా తెలియక తప్పినా ఒకటే.

ఆ మాలతోనే తాగుడు పోయింది. మాల పోతే ఏమవుతుందో నాకు తెలుసు. పాపకి పన్నెండేళ్లు. ఆ రోజులు దానికి గుర్తులేవు.

జూన్ 13

వాపు తగ్గింది. గంజి తాగాడు. చెల్లెలితో ఫోన్‌లో చెబుతున్నాడు — "నా నెత్తురే తీసి నాకే పెట్టిండ్రు. బయటి సరుకు ఏం లేదు."

నేను గిన్నెలు తోముతున్నాను. తోమినవే మళ్లీ తోమాను.

జూన్ 15

వాన మొదలైంది. దండెం మీద బట్టలకి రోజూ పట్టే బొగ్గు దుమ్ము ఇవ్వాళ నల్లటి చారలుగా కారింది.

జూన్ 17

పొద్దున మొహం కడుక్కుంటూ పిలిచాడు. అరచేతిలో నాలుగైదు గింజలు. తెల్లగా, సన్న రవ్వలా. నాలుక మీదికి వచ్చాయట.

"ఏందే ఇది?"

కొన్ని అట్లా రాలతాయి, భయం లేదు అన్నాను. అది నిజమే, మేడమ్ అందరికీ చెబుతుంది. ఆయన వెలుతురులో పట్టుకుని చూశాడు. "నా బొక్కనే గద" అన్నాడు, తన ఎముకే అనుకుని. నేను తల ఊపానో ఊపలేదో నాకే తెలియదు. ఊపే ఉంటాను.

క్యాలెండర్ కాగితం చింపి వాటిని పొట్లం కట్టాడు.

పొట్లం దేవుడి గూట్లో పెట్టాడు. విఠలుడి పటం ముందు. ఏకాదశికి వార్ధా నదిలో కలుపుతాడట — చచ్చినంక మీరు కలిపేటియి ఎట్లాగూ ఉంటయి, ముందుగాల గివ్వి పోనీ అని నవ్వాడు. పన్ను లేని చోట నుంచి గాలి పోయింది.

జూన్ 18

దీపం పెట్టలేదు. ఒంట్లో బాగాలేదన్నాను. పాప పెట్టింది.

జూన్ 19

కుట్లు విప్పారు. చిగురు గులాబీ రంగులో చక్కగా మూసుకుంది. ఎముక మట్టం నిలబడింది, నాలుగు నెలల తర్వాత స్క్రూ వేద్దాం అంది మేడమ్. అప్పటిదాకా పెట్టి తీసే పన్ను ఒకటి చేసిచ్చింది.

ఇంత బాగా కుదరకపోయినా బాగుండేదనిపించింది. చీము పట్టి మొత్తం బయటికొచ్చేస్తే పీడ పోయేది. నా మొగుడి నోరు చెడిపోవాలని కోరుకున్నాను ఈ రోజు.

జూన్ 22

భజన మా ఇంట్లో. పాట ఆయనే ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు అందుకుంటారు. కొత్త పన్నుతో మాట శుభ్రంగా పలికింది. అందరూ మెచ్చుకున్నారు. నోరు తెరిచినప్పుడల్లా నేను ఆ చోటునే చూశాను.

జూన్ 26

కోర్పనా వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పత్తి రైతు. కింది దవడ పన్ను. మరాఠీ అర్థమవుతుంది గానీ ఇంగ్లిషు ఫారం చూసి బెదిరాడు. మేడమ్ నన్ను పిలిచింది, తెలుగులో చెప్పమంది.

చొక్కా కింద తులసి మాల కనిపించింది.

చెప్పాను. అంతా. ఆవు ఎముక అన్నాను, ఆ మాటే వాడాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. పెద్దాయన ఫారం నా చేతికి తిరిగిచ్చి, "గది నాకొద్దు బిడ్డా, ఇంకోటేదన్న ఉంటే చూడు" అన్నాడు. కోపం లేదు, రభస లేదు. మేడమ్ నాగపూర్‌కి ఫోన్ చేసింది. పోతూ పోతూ నా తల మీద చెయ్యి పెట్టాడు.

జూన్ 30

పొడి వచ్చింది. అదే తెలుపు. అదే చిన్న సీసా. పెద్దాయన నెత్తురు తీశాను, తిప్పాను, పొర నొక్కాను. పని గంటలో అయిపోయింది.

నాలుగు రోజులు. నాలుగే.

జూలై 2

ఈ రోజు చెబుదామనుకున్నాను. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, వాకిట్లో కూర్చుని భజన తాళాలకి కొత్త దారం కడుతున్నాడు. పక్కన కూర్చున్నాను. ఏకాదశికి నది దాకా దిండీ గుంపుతో భజన చేసుకుంటూ నడిచిపోతా, నువ్వు కూడా రా అన్నాడు. చాయ్ చల్లారింది. మళ్లీ వేడి చేసుకొస్తానని లేచాను.

వేడి చేసుకొచ్చి ఇచ్చాను. అంతే.

జూలై 4

పాపతో చెప్పిద్దామా. ఛీ.

జూలై 6 — ఏకాదశి

పొద్దున్నే తెల్ల బట్టలు, నుదుట గంధం. పొట్లం జేబులో పెట్టుకున్నాడు. నేను పోలేదు. కడుపులో నొప్పి అన్నాను, ఉపవాసం మాత్రం ఉన్నాను.

సాయంత్రం వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. జనం మస్తుగా ఉన్నారా అంటే ఉన్నారన్నాడు. చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని ఉన్నాడు. ఈ ఉక్కలో.

జూలై 7

డ్యూటీకి బయల్దేరుతూ గడప దగ్గర ఆగాడు. చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా —

"నిన్న దిండీల కోర్పనా పెద్దాయన కలిసిండు. నిన్ను మస్తు పొగిడిండు. మీ ఆమె ఏం దాచదు, ఉన్నది ఉన్నట్టు చెప్తది అన్నడు."

పోయాడు.

పాప టిఫిన్ డబ్బా అడుగుతోంది. ఇచ్చాను. ఏం పెట్టి ఇచ్చానో తెలియదు.

జూలై 8

క్లినిక్‌లో, ఇంట్లో ఉతికి తెచ్చిన తెల్లకోటు వేసుకుంటే జేబులో ఏదో తగిలింది. క్యాలెండర్ కాగితం పొట్లం.

నదిలో కలపలేదు.

అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆయనకి తెలిసింది. దిండీలో పెద్దాయన ఆవు ఎముక సంగతీ చెప్పి ఉంటాడు, ఏకాదశి నుంచే తెలుసు. తిట్టలేదు, కొట్టలేదు, అడగలేదు. నాది నాకు తెచ్చి ఇచ్చాడు. మేడమ్ ఏమైందంటే బీపీ అన్నాను. ఇంకో అబద్ధం. ఇప్పుడవి లెక్క లేకుండా వస్తున్నాయి.

జూలై 9

పెట్టి తీసే పన్ను స్టీలు గ్లాసులో నీళ్లలో ఉంది. ఆయన పెట్టుకోవడం లేదు.

డ్యూటీ నుంచి రెండు గంటలు ఆలస్యం. కంచం పెడుతూ వంగి వాసన చూశాను. ఎనిమిదేళ్లుగా చేయని పని. డీజిల్, చెమట. ఇంకేదైనా ఉందా? తెలియలేదు. ఆయన నన్ను చూశాడు — నేనేం చేస్తున్నానో తెలిసిన చూపు. సిగ్గుతో చచ్చాను.

జూలై 10

మాల మెడలో ఉందా లేదా. నాలుగు రోజులుగా చూడలేకపోతున్నాను. స్నానానికి పోతే తలుపు గడియ. పడుకున్నా చొక్కాతోనే. గుండీలన్నీ పెట్టుకుని.

అడగడానికి నాకు నోరేది.

జూలై 11

మహరాజ్ దగ్గరికి పోయి నేనే చెబితే? తప్పు నాది, ఆయనది కాదు, మాల తీయించకండి అని? దారి సగం దాకా ఆటోలో పోయి దిగిపోయాను. మొదట చెప్పాల్సింది మహరాజ్‌కి కాదు.

జూలై 12

ఆయన భజనకి పోలేదు. పిలవడానికి వచ్చినవాళ్లని దవడ నొస్తుందని వెనక్కి పంపాడు. ఆయన నోట ఎనిమిదేళ్లలో నేను విన్న మొదటి అబద్ధం. నా దగ్గర నేర్చుకున్నాడు.

జూలై 13, ఆదివారం

పాప ట్యూషన్‌కి పోయింది. పప్పు పొయ్యి మీద పెట్టి, వెలుతురుంటుందని కిటికీ కింద కూర్చుని రాస్తున్నాను. ఆయన వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పుస్తకం మూయబోయాను.

రాసుకో అన్నాడు.

రాస్తున్నాను. ఆయన చూస్తున్నాడు. అక్షరాలని కాదు, నా చేతిని. కుక్కర్ రెండు కూతలు వేసింది. లేచి తనే పొయ్యి ఆర్పి వచ్చి మళ్లీ అక్కడే కూర్చున్నాడు.

బియ్యం డబ్బా వెనక పెడతావని ఎప్పటి నుంచో తెలుసు అంటున్నాడు. చదివే అక్కర పడలేదంటున్నాడు. ఇప్పుడు —

"నాకు చదువరాదు. నువ్వే చదువు. మొదటి నుంచి."

చదివినంక నేను జేసేది నేను జేస్త అన్నాడు.

ఏం చేస్తాడో అడగలేదు. గుండీలు మెడదాకా ఉన్నాయి. ఒక చెయ్యి వాటి మీదే పెట్టుకుని ఉన్నాడు. పెన్ను పక్కన పెట్టమంటున్నాడు. జూన్ 9 పేజీ తీశాను. రెండో పేజీలో, జూన్ 10న, ఒకే ఒక్క వాక్యం ఉంది. అక్కడి దాకా చదవగలిగితే…