ఒక్క కుండల క్లాసు చాలు

గ్రెటా, పొయ్యి మీద సూప్ ఉంది, వేడి చేసుకుని తిను. తిన్నాక వచ్చే ఏడాదికి క్లాసులు ఎంచుకునే కాగితం మళ్ళీ నింపు. మీ స్కూలు కౌన్సెలర్ లిండ్‌క్విస్ట్ గారు ఫోన్ చేశారు. "మీ అమ్మాయి ఆఖరి ఏడాదికి కుండలు చేసే క్లాసే మూడుసార్లు రాసిందండీ. లెక్కలూ ఇంగ్లీషూ లేకపోతే పట్టా రాదు, ఏ కాలేజీ కూడా తీసుకోదు" అన్నారు. పైగా "మా నాన్న ఒప్పుకున్నాడు" అన్నావట! నేనెప్పుడు ఒప్పుకున్నానే? హాకీ చూస్తుంటే అడిగుంటావు. అప్పుడు ఇల్లు అమ్మేద్దామన్నా సరేనంటానని నీకు తెలుసు.

లెక్కలు, ఇంగ్లీషు, కెమిస్ట్రీ పెట్టు. కుండలు ఒక్కటే ఉంచు. ఇంట్లో సిగరెట్ తాగేవాళ్ళే లేరు, ఏ బల్ల మీద చూసినా నీ యాష్‌ట్రేలే. "అవి కప్పులు నాన్నా" అని మొన్న ఏడ్చావు. యాష్‌ట్రేలనడం నా తప్పే, కానీ వాటిలో కాఫీ నిలవలేదు మరి.

కాగితం కింద ముందే సంతకం పెట్టేశాను, నిన్ను నమ్మి. హైవే మంచుతో మూసుకుపోయిందట, మంచు తోసే బండి నడపడానికి నన్ను రమ్మన్నారు. వెళ్తున్నా.

నాన్న

ఇంకోమాట. నువ్వు కోరుకున్న కాలేజీకి ఫోన్ చేసి, కుండలు కాల్చే బట్టీ ఉందా అని అడిగాను. ఫోనెత్తినమ్మాయి నవ్వింది. ఉందట, చాలా పెద్దదట.