క్లోరిన్ దాకా విన్నాను

చి.ల.సౌ. కోడలికి,

మామయ్య దీవెనలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ అత్తయ్య మోకాలు మాత్రం మా ఇద్దరి మాటా వినడం లేదు. అబ్బాయి వేళకు ఇల్లు చేరుతున్నాడా? చేరకపోతే నాకు రాయకు, వాళ్ళమ్మకు రాయి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "పాఠం చెబుతుంటే పిల్లలు నిద్రపోతున్నారు మామయ్యా, నెలాఖరుకి రాజీనామా ఇచ్చేస్తాను" అన్నావు. మీ అత్తయ్య "ఇచ్చెయ్యమనండి, పిల్ల చిక్కిపోతోంది" అంది. నేను ఒక సంగతి చెప్పాక నీ ఇష్టం అంటాను.

ఇక్కడున్నప్పుడు మర్నాటి పాఠాలన్నీ నామీదే సాధన చేసేదానివి కదా. అలోహాల రోజు, "గంధకం ఘనపదార్థం, సుత్తితో కొడితే సాగదు, పొడైపోతుంది" అన్నావు. "సాగనిదల్లా అలోహమైతే, ఈ ఇంట్లో నా మాటా అలోహమే" అన్నాను. నువ్వు నవ్వలేదు. "క్లోరిన్ వాయువు. గాలికన్నా రెండున్నర రెట్లు బరువు. నేలబారున పాకుతుంది" అన్నావు. అప్పటికి నా కళ్ళు మూతపడ్డాయి. పాపం, నువ్వు చివరిదాకా చెప్పావు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల డబుల్ డ్యూటీ అని ఇంట్లో చెప్పిన రెండు రోజులూ నేను ఆసుపత్రిలో ఉన్నాను. డ్యూటీలో ఉండగా మా నీళ్ళ ట్యాంకు దగ్గర, నీళ్ళలో కలిపే క్లోరిన్ సిలిండర్ వాల్వు ఊడింది. ఫిట్టరు నేలమీద బోర్లా పడుకుని, "పడుకో అన్నా, పొగ పైకి పోతుంది" అని నా కాలు లాగాడు. పొగొస్తే వంగాలని మా బళ్ళోనూ చెప్పారు. వంగబోతుంటే నీ "నేలబారున" అన్న మాట చెవిలో పడింది, ఏడాది ఆలస్యంగా. వాడి కాలరు పట్టుకుని ట్యాంకు మెట్లెక్కించాను. దగ్గుతూనే "నీకు పిచ్చెక్కిందా" అని తిడుతూ ఎక్కాడు. పైనుంచి చూస్తే, వాడు పడుకున్న చోట పసుపుపచ్చ పొగ మోకాలెత్తున నిలిచి ఉంది. తిట్లు ఆపాడు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. అదీ అలోహమేనట. ఒకటి తరిమితే ఇంకొకటి చేరదీసింది. మీ అత్తయ్యకు నువ్వు చెప్పకు. కాస్త ధైర్యం రాగానే నేనే చెబుతాను.

ఫిట్టరుకి ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళావిడ వచ్చి దండం పెట్టబోతే, "ఇది మా కోడలికి చెందాలమ్మా, నేను అందజేస్తాను" అన్నాను. ఇదిగో, అందజేస్తున్నాను. దాంతోపాటు నాదీ.

రాజీనామా నీ ఇష్టం తల్లీ. కాకపోతే ఆ రోజు కళ్ళు మూసుకునే క్లోరిన్ దాకా విన్నాను, తర్వాత నిజంగానే నిద్ర పట్టేసింది. ఏదో ద్రవం సంగతి మొదలెట్టినట్టు గుర్తు. దాని ఆవిరి పైకి పోతుందో, కిందికి దిగుతుందో తిరుగు టపాలో రాయి.

ఇట్లు,
నీ మామయ్య