మా గల్లీల ఇప్పుడు భయం లేదు

అనురాధక్కకు నీ చెల్లె నవత దండం పెట్టి రాస్తున్నది. ఫోన్ల నీకు సరిగ్గ ఇనవడ్తలేదని కార్డు రాస్తున్న. దసరా సెలవులకు పిల్లను తోల్కొని సూరత్ రావచ్చునా, గోడాదరాల మా గల్లీ ఇంక గట్లనే ఉన్నదా అని అడిగినవు. నీ మెడల గొలుసు తెంపుకపోయిన గల్లీ కాదక్కా ఇది. లైట్లు పెట్టిండ్రు, కెమెరాలు పెట్టిండ్రు. తాగి కొట్టుకునేటోళ్లు లేరు.

మునుపు తాగుబోతులకు భయపడి పొద్దుగూకకముందే బతుకమ్మ ఆట ఆపేటోళ్లం. పోయినేడు సద్దులనాడు ఎంతసేపు ఆడినా అడిగేటోడు లేడు. కని ఆడింది ముగ్గురమే. ఈ దిక్కు బట్ట నేసే సాంచెలు బందైనంక మనోళ్లంత తలో దిక్కు పోయిండ్రు. అప్పట్ల మా మీద సీసాలు ఇసిరిన సంజయ్ యాదికున్నడా? ఇప్పుడు కట్టె ఊతంగ నడుస్తుండు. గాయిననే వచ్చి పక్కకు నిలవడి జరసేపు చూసిండు. "తక్కినోళ్లంత ఏరి, బహెన్?" అని హిందీల అడిగిండు.

బావ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇంటి మీద రేకులు ఏపిచ్చిండ్రా, ఇంక కురుస్తున్నదా? వచ్చేటప్పుడు ఇంట్ల కొట్టిన పసుపు జరంత తే. తంగేడు పువ్వు ఈడ దొర్కది, తడిబట్టల సుట్టి తీస్కరా. సద్దులకు ముందే రండ్రి, తర్వాత వస్తె ఏం లాభం లేదు. బావకు దండాలు, పిల్లకు దీవెనలు. మీరిద్దరొస్తె ఐదుగురమైతం. సంజయ్ మల్లొచ్చి ఆ మాట అడగకుంటె సాలు.